చేపల పులుసు మానక్కర్లేదు: సౌదీ రూములో తక్కువ నూనె, తక్కువ ఉప్పుతో కారంగా వండుకునే పద్ధతి



ఈ వారం ఎపిసోడ్‌లో చేపల గురించి మాట్లాడుకున్నాం. డ్యూటీ బస్సులో వస్తూ విన్నవాళ్ళు చాలామంది ఒకటే మాట మెసేజ్ పెట్టారు: "అన్నా, కొలతలు రాసి పెట్టు, వింటూ రాసుకోలేకపోయినం." అందుకే ఈ వ్యాసం. ఎపిసోడ్‌లో అన్న మాటలన్నీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నాయి. ఇక్కడ మాత్రం చేప కొనే దగ్గర్నుంచి మిగిలిన పులుసు దాచుకునే దాకా ఒక వరసలో రాస్తున్నాను. ఫోన్‌లో సేవ్ చేసుకోండి, శుక్రవారం పనికొస్తుంది.

ఇప్పుడే ఎందుకు ఈ సంగతి

మా రూములో ఏడుగురం. అందులో జగిత్యాల వైపు అన్న ఒకాయనకు ఈమధ్య చెకప్‌లో బీపీ 170/110 వచ్చింది. వయసు 44. ఇద్దరు పిల్లల చదువు, ఇంటి మీద అప్పు, అన్నీ ఆయన మీదే నడుస్తున్నాయి. డాక్టర్ మాత్రలు రాసి, ఉప్పు, నూనె తగ్గించమన్నాడు. ఆ రాత్రి రూముకొచ్చి ఆయన అడిగిన మొదటి మాట: "ఇగ పులుసు బంద్ చేస్కోవాలెనా?"

మనలో చాలామందికి ఇదే భయం. డాక్టర్ ఒక మాట చెప్పగానే మన తిండి మొత్తం తప్పు అనుకుంటాం. చప్పిడి కూడు ఓ వారం తింటాం, పదో రోజు విసుగొచ్చి హోటల్ నుంచి బ్రోస్టు తెచ్చుకుంటాం. అట్లా కాకుండా, మన నాలుకకి నచ్చేదే మన గుండెకి కూడా పడేటట్టు వండుకోవటం ఎట్లా అన్నదే అసలు ప్రశ్న. దానికి చేప కంటే మంచి జవాబు లేదు. ఎందుకంటే చేపల పులుసుకి రుచినిచ్చేవి ముఖ్యంగా పులుపు, కారం, మెంతి వాసన, ఎల్లిపాయ. నూనె, ఉప్పు తగ్గించినా ఈ నాలుగూ ఎక్కడికీ పోవు.

ఒక మాట ముందే చెప్తున్నా. వంట మార్చుకుంటే సాయం అవుతుంది, కానీ అది మాత్రకి బదులు కాదు. ఆ అన్న ఇప్పటికీ మాత్ర వేసుకుంటున్నాడు, పులుసు కూడా తింటున్నాడు. రెండూ కావాలి.

చెరువు చేప అలవాటున్న మనకి సముద్రపు చేప

తెలంగాణ వాళ్ళకి చేప అంటే బొచ్చె, రవ్వ, బంగారుతీగ, ఇంకా డబ్బులుంటే కొర్రమీను. అన్నీ చెరువు, కుంటల చేపలే. కోనసీమ, నెల్లూరు వాళ్ళకి వంజరం, చందువా, కానాగంత కొత్త కాదు. సౌదీలో ఒక పక్క ఎర్ర సముద్రం, ఇంకో పక్క గల్ఫ్ ఉన్నాయి, కాబట్టి ఇక్కడ తాజాగా దొరికేవి ఎక్కువ సముద్రపు చేపలే. పేర్లు తెలిస్తే కొనటం సులువు.

వంజరాన్ని దమ్మాం, జుబైల్ వైపు కనాద్ అంటారు, జిద్దాలో దిరాక్ అంటారు. చందువా అంటే జుబైదీ. హమూర్ అనేది మెత్తని తెల్లటి కండ ఉన్న చేప, ముల్లు తక్కువ, ధర ఎక్కువ. జిద్దాలో నాజిల్ అని ఎర్రగా చుక్కలతో ఉంటుంది, అది హమూర్ చుట్టమే, ధర ఇంకా ఎక్కువ. షేరీ మధ్య రకం, పులుసుకి బాగా ఆగుతుంది. బల్తీ అంటే తిలాపియా. మన చెరువు చేప రుచికి దగ్గరగా ఉంటుంది, చవక కూడా. రొయ్యల్ని రుబియాన్ అంటారు. గల్ఫ్ తీరంలో రొయ్యల వేట ఆగస్టు మొదట్లో మొదలై జనవరి చివరి దాకా సాగుతుంది, తర్వాత ఆరు నెలలు నిషేధం. కాబట్టి తాజా రొయ్యలు తినాలంటే ఆ నెలల్లోనే.

కానాగంత గురించి ఒక ముచ్చట. ఫ్రోజెన్ డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'రాస్ట్రెల్లిగర్ కనగుర్త' అని శాస్త్రీయ నామం కనపడితే ఆగి చూడండి. ఆ 'కనగుర్త' మన తెలుగు మాటే. పాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నం తీరంలో దొరికిన 200 చేపల గురించి 1803లో పుస్తకం అచ్చు వేయిస్తూ, అక్కడి జాలర్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. తర్వాత 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరునే చేపకి ఖాయం చేశాడు. ఈరోజు ఏ దేశంలో అమ్మినా ఆ చేప శాస్త్రీయ నామంలో మన జాలరి పెట్టిన పేరే ఉంటుంది.

ఈ కానాగంత, సార్డీన్ అని అమ్మే కవ్వలు, ఇవి రెండూ కూలి మనిషికి దేవుడిచ్చిన చేపలు అనాలి. హమూర్‌తో పోలిస్తే చాలా చవక, గుండెకి మంచిదని చెప్పే ఒమేగా-3 కొవ్వు మాత్రం వీటిలోనే ఎక్కువ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా ఏమిటంటే వారానికి రెండుసార్లు చేప తినాలి, ఒక్కోసారి వండిన చేప సుమారు 85 గ్రాములు. అంటే రెండు మధ్య రకం ముక్కలు. కొవ్వు ఉన్న చేపలైతే ఇంకా మంచిది. తెల్లగా, ముల్లు లేకుండా దొరికే బాసా ఫిల్లెట్‌లో ప్రొటీన్ ఉంటుంది కానీ ఒమేగా-3 తక్కువ. తినొద్దని కాదు, అదొక్కటే తింటే అసలు లాభం రాదు.

మార్కెట్లో మాట్లాడాల్సిన నాలుగు మాటలు

తీరం పక్కన ఉన్నవాళ్ళకి అదృష్టం. కతీఫ్ చేపల మార్కెట్ ఈ గల్ఫ్ తీరంలో పేరున్న పెద్ద మార్కెట్లలో ఒకటి. జిద్దాలో సెంట్రల్ ఫిష్ మార్కెట్ ఉంది. రియాద్ వాళ్ళకి సముద్రం దమ్మాం వైపు చూసినా సుమారు 400 కిలోమీటర్ల దూరం. అక్కడ మంచు మీద వచ్చిన చేపో, బత్హా లాంటి చోట్ల బంగ్లా దుకాణాల్లో దొరికే ఫ్రోజెన్ రవ్వ, బొచ్చె, ఇలసో కొనుక్కోవాలి. ఫ్రోజెన్ అంటే చిన్నచూపు వద్దు. పట్టిన వెంటనే గడ్డకట్టించిన చేప, మూడు రోజులు సగం మంచులో ఉన్న 'తాజా' చేప కంటే మేలు.

అమ్మేవాడిని "సమక్ తాజా?" అని అడగండి. ఈ తాజా మన తాజానే, పారసీ నుంచి వాళ్ళ నోటికీ, మన నోటికీ వచ్చింది. "కిలో బికమ్?" అంటే కిలో ఎంత. "నద్దిఫ్" అంటే శుభ్రం చెయ్యి. తల వద్దంటే "బిదూన్ రాస్". ప్యాకెట్ కొంటే 'తారీఖ్ ఇంతాజ్' అంటే తయారైన తేదీ, 'తారీఖ్ ఇంతిహా' అంటే గడువు తేదీ. ఈ రెండూ చూడకుండా సగం ధర ఆఫర్ ముట్టుకోవద్దు.

చేప మంచిదో కాదో నాలుగు గుర్తులు. కళ్ళు ఉబ్బి, తేటగా ఉండాలి. గుంటపడి తెల్లబారితే పాతది. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. వాసన సముద్రపు నీళ్ళలా ఉండాలి, ఘాటుగా ముక్కుకి కొట్టొద్దు.

మార్కెట్ పక్కనే చేప వండిపెట్టే దుకాణాలు కూడా ఉంటాయి. అక్కడ 'మగ్లీ' అంటే నూనెలో వేయించింది, 'మష్వీ' అంటే నిప్పు మీద కాల్చింది. వండుకునే ఓపిక లేని రోజు మష్వీ చెప్పండి, నూనె బాధ తప్పుతుంది. పైన చల్లుకోవటానికి మన కారం పొడి చిన్న డబ్బాలో వెంట తీసుకెళ్ళండి, ఎవరూ ఏమీ అనరు.

వాసన తగ్గించేది పులుపే

సముద్రపు చేపకి వచ్చే నీచువాసనకి కారణం ట్రైమిథైలమీన్ అనే పదార్థం. చెరువు చేపకి వచ్చే మట్టి వాసనకి కారణం జియోస్మిన్ అనేది. మన పెద్దలకి ఈ పేర్లు తెలియవు కానీ మందు తెలుసు. పులుపు తగిలితే రెండు వాసనలూ తగ్గుతాయి. అందుకే నిమ్మరసం, చింతపండు నీళ్ళు, లేదా రెండు చెంచాల వెనిగర్ కలిపిన నీళ్ళలో ముక్కల్ని 5 నిమిషాలు ఉంచి కడిగేయండి. గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసి రుద్దే అలవాటు మనలో చాలామందికి ఉంది. బీపీ ఉన్నవాళ్ళ కోసం వండేటప్పుడు ఆ పని మానేసి, పసుపు, నిమ్మతో సరిపెట్టుకోండి.

ఎండలో చేప: ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి

సౌదీ ఎండాకాలంలో డిక్కీలో పెట్టిన చేప గంటలో పాడవుతుంది. కంటికి మామూలుగానే కనిపించొచ్చు. కానాగంత, కవ్వలు, వంజరం, ట్యూనా, ఈ జాతి చేపలు వేడికి తగిలితే వాటిలో బాక్టీరియా వల్ల హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అసలు ప్రమాదం ఏమిటంటే, ఒకసారి తయారైతే అది వండినా పోదు. ఎంత మరిగించినా, ఎంత వేయించినా అట్లాగే ఉంటుంది. ఫ్రీజర్లో పెట్టినా పోదు.

అట్లాంటి చేప తింటే కొద్ది నిమిషాల నుంచి రెండు మూడు గంటల్లోపు మొహం, మెడ ఎర్రబడి మండుతాయి. తలనొప్పి, దద్దుర్లు, దురద, కొందరికి వాంతులు, విరేచనాలు. నోట్లో మిరియం నమిలినట్టు మంట అనిపిస్తే ఇంక తినకుండా ఆపేయండి. కారం వల్ల అనుకుని తినేయటం మనకి అలవాటు, అందుకే చెప్తున్నా. ఎక్కువ మందికి ఒక రోజులో తగ్గిపోతుంది. కానీ ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆలస్యం చెయ్యకుండా 997కి ఫోన్ చెయ్యాలి, అది రెడ్ క్రెసెంట్ అంబులెన్స్. సలహా కావాలంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ నంబరు 937, రాత్రి పగలు పనిచేస్తుంది.

దీనికి నివారణ చాలా సులువు. మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు ఒక థర్మాకోల్ డబ్బా తీసుకెళ్ళండి. చేప కింద, పైన మంచు వేయించుకోండి. మిగతా సామాన్లన్నీ కొన్నాక చివరికి చేప కొనండి. రూముకి రాగానే ముందు ఫ్రిజ్, తర్వాతే స్నానం. ఫ్రోజెన్ చేప అయితే ముందు రాత్రి ఫ్రీజర్లోంచి తీసి కింది అరలో గిన్నెలో పెట్టండి, తెల్లారేసరికి కరుగుతుంది. బాల్కనీలో ఎండకి పెట్టటం, కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించటం, రెండూ వద్దు.

కారం నేరం చేయలేదు

"బీపీ ఉంది, కారం తగ్గించాలా?" అని చాలామంది అడిగారు. మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది బీపీని పెంచే పదార్థం కాదు. కారంతో పాటు మనం వేసే ఉప్పు, కారానికి రంగు తేలాలని పోసే నూనె, మంట తట్టుకోవటానికి తినే అదనపు అన్నం, ఈ మూడే అసలు దొంగలు. కడుపులో మంట, అల్సర్ ఉన్నవాళ్ళు, మొలలతో బాధపడేవాళ్ళు మాత్రం కారం తగ్గించుకోవాలి.

క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నోరు మండినప్పుడు చల్లటి నీళ్ళు ఎన్ని తాగినా మంట తగ్గదు. పాలలో, మజ్జిగలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ ఆ మంటని పట్టుకుని తీసుకుపోతుంది. ఇక్కడ ప్రతి బకాలాలో లబన్ దొరుకుతుంది, భోజనంలో ఒక గ్లాసు పెట్టుకోండి. దాంట్లో మళ్ళీ ఉప్పు కలుపుకోవద్దు.

ఉప్పు సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపు. అంటే రోజంతా కలిపి ఒక టీ స్పూన్ కంటే కొంచెం తక్కువ. కూర, చారు, పచ్చడి, ఖుబ్జ్, చిప్స్ అన్నీ అందులోనే. మనం కూరలో వేసే స్టాక్ క్యూబు కాగితం తిప్పి చదవండి, చాలా రకాల్లో మొదట రాసి ఉండే పదార్థం ఉప్పే. ఇంటినుంచి వచ్చిన ఆవకాయ కూడా అంతే. అమ్మ పంపింది పారేయమని నేను చెప్పను, చేపల పులుసు ఉన్నరోజు ఆవకాయ జాడీ మూత తీయకండి, అంతే.

"ఎండలో చెమట కారుతది, ఉప్పు కావాలె కదా" అని సైట్ మీద పనిచేసే తమ్ముళ్ళు అడిగారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు నేరుగా ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉన్నా, మిగతా గంటల్లో చెమట తప్పదు. నిజమే, చెమటతో ఉప్పు పోతుంది. మామూలు రోజుల్లో మనం తినే తిండిలో దానికి సరిపడా ఉంటుంది. ముఖ్యంగా కావాల్సింది కొంచెం కొంచెంగా, మాటిమాటికీ నీళ్ళు. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్‌ఎస్ మంచిదే, బీపీ ఉన్నవాళ్ళు మాత్రం క్లినిక్‌లో అడిగి తాగాలి. కూరలో ఉప్పు కుమ్మరించటం దానికి మార్గం కాదు.

నూనె విషయంలో ఒక మంచి వార్త. కృత్రిమ ట్రాన్స్ కొవ్వుని తొలగించినందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో మొదటిసారి ఐదు దేశాలకి ధ్రువపత్రం ఇచ్చింది, అందులో సౌదీ ఒకటి. కానీ మనం ఒకసారి వేయించిన నూనెని డబ్బాలో పోసి నాలుగుసార్లు వాడితే ఏ ప్రభుత్వం కాపాడలేదు. మళ్ళీ మళ్ళీ కాగి నల్లబడిన నూనె పారేయాల్సిందే.

పులుసు: ఐదుగురికి కొలతలు

కావాల్సినవి: శుభ్రం చేసిన ముక్కలు 1 కిలో, ఉల్లిగడ్డలు 2, టమాటాలు 2, పచ్చిమిర్చి 4, ఎల్లిపాయ రెబ్బలు 10, చింతపండు నిమ్మకాయంత, నూనె 2 పెద్ద చెంచాలు, కారం 2 పెద్ద చెంచాలు, ధనియాల పొడి ఒకటిన్నర చెంచా, జీలకర్ర 1 టీ స్పూన్, మెంతులు పావు టీ స్పూన్, పసుపు అర టీ స్పూన్, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు ఒకటిన్నర టీ స్పూన్ తల గీసి.

లెక్క చూడండి. రెండు పెద్ద చెంచాల నూనె అంటే 30 మిల్లీలీటర్లు, దాదాపు 240 కేలరీలు. ఐదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 50 కూడా రాదు. ఉప్పు సుమారు 9 గ్రాములు, ఒక్కొక్కరికి 2 గ్రాముల లోపే. ఇప్పటిదాకా మీ రూములో మూడు స్పూన్లు వేస్తుంటే ఒక్కసారిగా దించకండి. ఈ వారం రెండున్నర, వచ్చే వారం రెండు, ఆపై ఒకటిన్నర. నాలుక రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది.

చింతపండుని ఇక్కడ తమర్ హిందీ అంటారు, అంటే హిందూ దేశపు ఖర్జూరం. ఇంగ్లీషులో టామరిండ్ అనే పేరు కూడా దీన్నుంచి వచ్చిందే. రంజాన్‌లో దీంతో షర్బత్ చేస్తారు కాబట్టి తియ్యటి సిరప్ సీసాలు కూడా ఇదే పేరుతో ఉంటాయి. మీరు ముద్దగా ఉన్నది అడగండి. మెంతులు హిల్బా, జీలకర్ర కమ్మూన్, పసుపు కుర్కుమ్, కొత్తిమీర కుజ్బరా, ఎల్లిపాయ తూమ్.

1. చింతపండుని వేడినీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, మొత్తం 3 గ్లాసుల రసం తీయండి.

2. ముక్కలకి పసుపు, అర చెంచా కారం, పావు టీ స్పూన్ ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో 15 నిమిషాలు ఉంచండి.

3. మెంతులు, జీలకర్ర నూనె లేకుండా దోరగా వేయించి, ఎల్లిపాయతో కలిపి దంచండి. మెంతులు నల్లబడితే పులుసంతా చేదు.

4. ఒక ఉల్లిగడ్డని నేరుగా గ్యాస్ మంట మీద పొట్టు నల్లబడేదాకా కాల్చి, పొట్టు తీసి నూరండి. తక్కువ నూనెతో వండేవాళ్ళకి అసలు కిటుకు ఇదే. నూనెలో అరగంట వేయిస్తే వచ్చే రుచి, చిక్కదనం కాల్చిన ఉల్లిగడ్డతో వస్తాయి. ఎలక్ట్రిక్ పొయ్యి అయితే పెనం మీద ముక్కలుగా కాల్చుకోండి.

5. వెడల్పాటి గిన్నెలో నూనె పోసి, కరివేపాకు, పచ్చిమిర్చి, రెండో ఉల్లిగడ్డ తరుగు వేసి మూత పెట్టి మగ్గనివ్వండి. అంటుకుంటే రెండు చెంచాల నీళ్ళు చల్లండి, నూనె పోయకండి. టమాటా వేసి మెత్తబడ్డాక ఉల్లి ముద్ద, మిగిలిన కారం, ధనియాల పొడి వేసి నిమిషం కలపండి.

6. చింతపండు రసం, మిగిలిన ఉప్పు వేసి 10 నిమిషాలు బాగా మరగనివ్వండి. పచ్చి వాసన పోవాలి. ముక్కలు వెయ్యకముందే పులుసు రుచి చూసి సరిచేసుకోండి, తర్వాత తిప్పటం కుదరదు.

7. ముక్కలు ఒక్క పొరగా పేర్చి, సన్నని సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు. గరిటె పెట్టొద్దు, గిన్నె అంచులు పట్టుకుని తిప్పండి. కోడి కండతో పోలిస్తే చేప కండని పట్టి ఉంచే పొర చాలా తక్కువ, వేడికి తొందరగా కరిగిపోతుంది, అందుకే కదిపితే చిదురవుతుంది. కండ తెల్లబడి, ముల్లు నుంచి తేలిగ్గా వదిలితే అయినట్టే.

8. చివర్లో మెంతి-జీలకర్ర-ఎల్లిపాయ ముద్ద, కొత్తిమీర వేసి పొయ్యి కట్టేసి మూత పెట్టండి. అరగంట తర్వాత తింటే ముక్కకి పులుపు పడుతుంది.

నెల్లూరు వాళ్ళు ఇందులో మామిడికాయ ముక్కలు వేస్తారు. ఇక్కడ పచ్చి మామిడికాయ దొరికిన రోజు చింతపండు సగం తగ్గించి వేసి చూడండి.

పెనం మీద మసాలా చేప

వేపుడు లేకుండా ముద్ద దిగనివాళ్ళ కోసం ఇది. కానాగంత చేపలు 6 తీసుకుని రెండు వైపులా గాట్లు పెట్టండి. 2 చెంచాల గట్టి పెరుగు (ఇక్కడ జబాదీ), 1 చెంచా అల్లం-ఎల్లిపాయ ముద్ద, ఒకటిన్నర చెంచా కారం, అర టీ స్పూన్ మిరియాల పొడి, పసుపు, అర టీ స్పూన్ ఉప్పు. దీనికి సౌదీ వంటింటి వస్తువు ఒకటి కలపండి: లూమీ. అంటే నల్లగా ఎండిన నిమ్మకాయ. గింజలు తీసేసి పొడి కొట్టి ఒక టీ స్పూన్ వేస్తే పులుపు, పొగ వాసన కలిసి వస్తాయి, ఉప్పు తక్కువైనట్టు నాలుకకి తెలియదు.

ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, నాన్‌స్టిక్ పెనం మీద 1 పెద్ద చెంచా నూనె రాసి, మధ్య సెగ మీద ఒక్కో వైపు 4-5 నిమిషాలు కాల్చండి. మొదటి వైపు పూర్తిగా కాలేదాకా తిప్పొద్దు, కాలితే అదే పెనాన్ని వదులుతుంది. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాల్లో అవుతుంది. ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళకి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. వేయించిన నూనె వాసన ఇల్లంతా పట్టదు, మేడమ్ చేత మాట పడక్కర్లేదు.

అన్నం దగ్గరే లెక్క తప్పుతుంది

పులుసు బాగా కుదిరితే అన్నం మూడు ప్లేట్లు లోపలికి పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి చేప చేసిన మేలంతా అక్కడే పోతుంది. మా రూములో పెట్టుకున్న పద్ధతి: ప్లేటులో సగం కీరా, టమాటా, క్యాబేజీ లాంటివి, పావు వంతు అన్నం, పావు వంతు చేప. రెండోసారి కావాలంటే చేప, కీరా మాత్రమే. అన్నం బదులు ఖుబ్జ్ బుర్, అంటే ముడి గోధుమ రొట్టె, పులుసులో అద్దుకుని తినొచ్చు. జొన్నపిండిని ఇక్కడ ధురా పేరుతో అడగండి. జీజాన్ వైపు జొన్న పండిస్తారు, తింటారు. జొన్నరొట్టె, చేపల పులుసు కలిస్తే ఇంక చెప్పేదేముంది.

మిగిలింది, వాసన, పొయ్యి

రేపటి పులుసే రుచి అని మనమందరం అంటాం, నిజమే. కానీ ఊళ్ళో పాత పద్ధతి ఇక్కడి వేడికి పనికిరాదు. వండిన రెండు గంటల్లోపు, వంటగది బాగా వేడిగా ఉంటే గంటలోపు, చిన్న డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు కావాల్సినంతే తీసి బుడగలు వచ్చేదాకా మరిగించాలి. రెండు రోజులు దాటితే వదిలేయండి. మిగిలిన అన్నం కూడా అంతే. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

రూములో చేప తినని వాళ్ళు ఉంటారు. వాళ్ళకి ముందే చెప్పి వండండి, వాళ్ళ గిన్నెలు, గరిటెలు వాడకండి. పొట్టు, పేగులు రెండు కవర్లలో కట్టి అదే రాత్రి బయట చెత్త డబ్బాలో వేయండి. పలక, కత్తి నిమ్మచెక్కతో రుద్ది సబ్బుతో కడగండి. పడుకునే గదిలో హీటర్ పొయ్యి పెట్టి వండటం మాత్రం ఎంత ఆకలైనా వద్దు. కాగే నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, పొయ్యి కట్టేసి మూత వేసేయాలి.

మెసేజ్‌లలో వచ్చిన మూడు ప్రశ్నలు

*రోజూ చేప తినొచ్చా?* చిన్న చేపలైతే ఇబ్బంది లేదు. పెద్ద పెద్ద వేట చేపల్లో, సొర లాంటివాటిలో, పాదరసం ఎక్కువగా చేరుతుంది కాబట్టి అవి అప్పుడప్పుడే. ఇంటి దగ్గర భార్య గర్భంతో ఉంటే ఆ పెద్ద చేపలు వద్దని ఫోన్‌లో చెప్పండి.

*ఎండు చేపలు మంచివేనా?* ప్రొటీన్ ఉంది, కానీ ఉప్పులో ఊరినవి. బీపీ ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. మిగతావాళ్ళు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు రెండు మూడుసార్లు మార్చి వండుకోండి, ఉప్పు విడిగా వెయ్యకండి.

*డబ్బా ట్యూనా సంగతేంటి?* డ్యూటీ అయిపోయి ఓపిక లేని రోజుకి మంచి ఆసరా. నూనెలో ఉన్నది కాకుండా నీళ్ళలో ఉన్నది కొనండి, వంపేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నిమ్మరసంతో పెనం మీద ఐదు నిమిషాలు. డబ్బా తెరిచాక మిగిలింది వేరే గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి.

మీ రూములో బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ శుక్రవారం వాళ్ళ లెక్క ప్రకారమే అందరికీ ఒకే గిన్నెలో వండండి. వాళ్ళకొక్కరికే వేరుగా చప్పిడి కూర పెడితే వాళ్ళు ఎన్నాళ్ళో నిలబడరు, అందరూ కలిసి తింటే ఎవరికీ పథ్యం అనిపించదు. ఎట్లా కుదిరిందో వాయిస్ మెసేజ్ పంపండి. మీ వైపు పులుసులో ఇంకేమైనా వేస్తారంటే అది కూడా చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం.